ఆటపెట్టెల ఆయుర్దాయము

ఇంటికొక క్రొత్త వస్తువు కొనునపుడు దాని వెల యెంతయని యడుగుట గృహిణులందఱకును అలవాటే. దాని ఆయువెంతయని యడుగు నలవాటు మాత్రము మనలో బహుకొద్దిమందికి గలదు. ఇత్తడిబిందెకును రుబ్బురోలికిని ఆ ప్రశ్నతో పనిలేకపోయెను. అవి అత్తగారి కాలమునుండి కోడలి కాలమునకు దిగివచ్చి నేటికిని చెక్కుచెదరక యున్నవి. పిల్లలు టెలివిజనుకు తగిలించి యాడుకొను వీడియోగేము కన్సోళ్ల సంగతి యట్టిది కాదు. వానిని చేయు సంస్థలే యొకనాడు ఇక చేయమని చెప్పి యూరకుండును. ఆ మాట ఏ యంత్రమునకు ముందు వచ్చును, దేనికి వెనుక వచ్చును అను విచారము పైకి వట్టి కాలక్షేపముగ కనబడవచ్చును. నలుబదివేలో ఏబదివేలో వెచ్చింపవలసిన సంసారికి మాత్రము అది పద్దుపుస్తకమునకు సంబంధించిన విచారమే.

మా యింట ఈ ప్రశ్న ఊరక పుట్టలేదు. మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. మా పెద్దవాడు పదమూడేండ్లవాడు. మూడు సంక్రాంతులనుండి తాతగారును మేనమామలును చేతబెట్టిన సొమ్మును మిఠాయికైనను తీయక, తపాలాకార్యాలయమున దాచుకొని, ఇరువదిరెండువేల రూపాయలు కూడబెట్టెను. కన్సోలు కొనుట వాని సంకల్పము. తక్కిన సొమ్ము మేము వేయవలెను. వాడు కోరినది మైక్రోసాఫ్టువారి ఎక్స్‌బాక్సు సిరీస్ ఎస్ అను చిన్న యంత్రము. తోటియంత్రములకంటె అది వెల తక్కువది. వానికిది మొదటి పొదుపు. మొదటి పొదుపుతో కొన్న వస్తువు రెండేండ్లకే దిక్కులేనిదైనచో పిల్లవానికి వస్తువుమీదనే కాదు, పొదుపుమీదనే విశ్వాసము సడలును. మాకు భయము గొలిపినది అదియే.

దీనికితోడు మా యక్కగారి యింట జరిగిన సంగతి మా కన్నులయెదుట నుండెను. 2024 సంవత్సరారంభమున ఆమె తన కుమారునికై ఒక దుకాణమున వాడిన ఎక్స్‌బాక్సు 360 యంత్రమును కొనెను. ఆటలన్నియు ఇంటర్నెట్టు ద్వారా యంత్రములోనే కొనుక్కొనవచ్చునని దుకాణదారుడు చెప్పెను. ఆ యంత్రపు అంగడిని 2024 జులై 29వ తేదీన మూసివేయుదుమని మైక్రోసాఫ్టువారు 2023 ఆగస్టుననే ప్రకటించియుండిరి. ఆ మాట మాత్రము అతని నోట రాలేదు. జులై కడచినపిమ్మట పిల్లవాడు క్రొత్త ఆట కొనబోవగా అంగడి లేదు. అంతకుముందు కొన్నవి నిలిచినవి, డిస్కులు ఆడుచున్నవి. క్రొత్తవి ఆ దారిని రావు.

కావున మేము పెండ్లిసంబంధమునకు జాతకములు చూచినట్లు ఈ యంత్రముల పుట్టుకలను, ముగింపులను ఒక నోటుపుస్తకమున వ్రాసికొని చూచితిమి. చూడగా మొదట తెలిసినది, వీనికి మరణము ఒక్కటి కాదనుట. యంత్రమును చేయుట మానుట మొదటిది. దానికి క్రొత్త ఆటలు రాకపోవుట రెండవది. ఇంటర్నెట్టు అంగడి మూతపడుట మూడవది. మరమ్మతు చేయువారు లేకపోవుట నాలుగవది. మా యక్కగారి యంత్రమునే చూడుడు. దానిని చేయుట 2016 ఏప్రిలులో ఆగెను. ఏటేట వచ్చు ఫీఫా బంతియాట దానికి కడసారి వచ్చినది 2018లో. అంగడి మూసినది 2024లో. మొదటి మరణమునకును మూడవ మరణమునకును నడుమ ఎనిమిదేండ్లున్నవి.

నింటెండోవారి ఫామికాం అను యంత్రము జపానులో 1983 జులై 15వ తేదీన పుట్టి, 2003 సెప్టెంబరువఱకు తయారగుచుండెను. ఇరువదియేండ్ల తరువాత అది ఆగినది ఆడువారు లేక కాదు, లోపలి భాగములు దొరకక. ఆపైనను మరమ్మతులు 2007 అక్టోబరువఱకు చేసిరి. మా చిన్నతనమున మన పట్టణములలో 'టీవీ గేము' అని అమ్మిన పెట్టెలలో పెక్కులు ఆ ఫామికామునకు నకళ్లే. ఆట రాకున్న 'క్యాసెట్టు'ను బయటికి లాగి, నోటితో ఊది, మరల దోపుటయే ఆనాటి మరమ్మతు. అసలు యంత్రము చేయుట మానినదో లేదో తెలియకయే మన యిండ్లలో దాని నకళ్లు బ్రదికినవి.

ఈ జాబితాలో మాకు భీష్మాచార్యులు జ్ఞప్తికి వచ్చునట్లు చేసినది సోనీవారి ప్లేస్టేషన్ 2. అది 2000 మార్చి 4వ తేదీన పుట్టెను. 2006 నవంబరులో దాని తరువాతి యంత్రమైన ప్లేస్టేషన్ 3 వచ్చెను. వారసుడు వచ్చినపిమ్మట పెద్దది తప్పుకొనునని యెల్లరు తలచిరి. అది మాత్రము అంపశయ్యమీద ఉత్తరాయణమునకై వేచినట్లు 2013 జనవరివఱకు నిలిచెను. పదునైదు కోట్లకు పైగా యంత్రములు లోకమున అమ్ముడుపోయినవి. మన హైదరాబాదునందలి అరోనా అను సంస్థవారు 'హనుమాన్: బాయ్ వారియర్' అను ఆటను చేసి 2009లో వెలువరించినది ఈ యంత్రమునకే. అప్పటికి దాని వారసుడు వచ్చి రెండేండ్లు దాటెను. మన దేశములో క్రొత్తది కొనలేని యిండ్లు పాతదానినే కొనుచుండుటచేత అది బ్రదికెను. పేదయిల్లు కొనుచున్నంతకాలము యంత్రము చావదని మేమచ్చట వ్రాసికొంటిమి.

అకాలమరణములును గలవు. సెగావారి డ్రీంకాస్టు 1998 నవంబరు 27వ తేదీన జపానులో పుట్టెను. 2001 జనవరి 31వ తేదీన దానిని ఆపుదుమని చెప్పిరి. అనగా రెండేండ్ల రెండు నెలలు. అప్పటికి సంస్థ అప్పులలో మునిగియుండెను. అధ్యక్షులైన ఇసావో ఓకావాగారు తామిచ్చిన ఋణమును మాఫీచేసి, సుమారు 70 కోట్ల డాలర్ల విలువగల తమ వాటాలను సంస్థకు దానమిచ్చి, ఆ మార్చినెలలోనే దివంగతులైరి. ఇంటిపెద్ద తన సర్వస్వము నూడ్చియిచ్చి కొంప నిలిపినట్లాయెను. సంస్థ నిలిచెను, యంత్రము నిలువలేదు. సెగావారి సోనిక్ అను నీలవర్ణపు పరుగువీరుడు ఆ యేడు ముగియకముందే నింటెండోవారి యంత్రమున కనబడెను.

ఈ విధముగ నోటుపుస్తకము నిండినకొలది కొన్ని లక్షణములు తేటపడినవి. వారసుడు పుట్టుట మొదటి లక్షణమే కాని, అది ఒక్కటియే చాలదు. ప్లేస్టేషన్ 2 వారసుని రాకపిమ్మట ఆఱేండ్లు మించి నిలిచెను. నింటెండోవారి వీ యను యంత్రము పదికోట్లకు పైగా అమ్ముడుపోయినను, వారసుడు వచ్చిన పదునొకండవ నెలలోనే, 2013 అక్టోబరున, జపానులో ఆగెను. ఆ వారసుడగు వీ యూ కోటి ముప్పదియైదు లక్షలే అమ్ముడుపోయి, 2017 జనవరిలో, తన వారసుడైన స్విచ్ లోకమునకు రాకమునుపే ముగిసెను. కావున ఎందఱు కొనిరి అనునదియు, ఏ యింట పుట్టినది అనునదియు గూడ చూడవలెను.

రకములు తగ్గుట రెండవ లక్షణము. ఎక్స్‌బాక్సు వన్ అను యంత్రపు మూడు రకములలో రెంటిని 2020 జులైలో ఆపిరి. ఆ సంవత్సరము ముగియునప్పటికి మూడవదానిని గూడ చేయుట మానిరి. ఆ సంగతిని బయటికి చెప్పినది 2022 జనవరిలో. ఏడాది కడచినపిమ్మట మైల తెలిసినట్లాయెను. దుకాణమున రకములు తగ్గుచుండుట చూచి మనమే గ్రహింపవలె గాని, చెప్పువఱకు వేచియుండుట తగదు.

తన యింటి వీరులను పొరుగింటికి పంపుట మూడవ లక్షణము. సెగావారు సోనిక్‌ను పంపిన రీతిని పైన చెప్పితిమి. మైక్రోసాఫ్టువారు ఇన్నాళ్లు తమ యంత్రములకే పరిమితము చేసికొన్న ఆటలను ఇపుడు సోనీవారి ప్లేస్టేషన్ 5కు ఇచ్చుచున్నారు. 2025 ఏప్రిలులో ఫోర్జా హొరైజన్ 5 అను కారుపందెము, ఆగస్టులో గేర్స్ ఆఫ్ వార్ అటువైపు వెళ్లెను. వారి సింహద్వారమువంటి హేలో అను ఆటయు 2026లో అచ్చటికి వచ్చునని ఆ అక్టోబరులో ప్రకటించిరి. ఆటలమ్మి బ్రదుకు సంస్థకు ఇది నష్టమని మేమనుట లేదు. కాని ఆ ఆటలకై ఆ యంత్రమునే కొనవలసిన అక్కఱ దీనితో తీఱిపోవును.

నాలుగవ లక్షణము వెల. ఇది పూర్వము నమ్మదగినది, నేడు నమ్మరానిది. అమెరికాలో 299 డాలర్లకు మొదలైన ప్లేస్టేషన్ 2 వెల 2009 నాటికి 99 డాలర్లకు దిగెను. వెల పడిపోయినచో యంత్రము ముసలిదైనదని చెప్పవచ్చుచుండెను. దీని కారణము మనకు తెలియనిది కాదు. యంత్రమునకు మెదడైన చిప్పులను ఒక పలుచని పళ్లెరముమీద వరుసగ దింపుదురు. వడియము చిన్నదైనకొలది ఒకే చీరమీద ఎక్కువ వడియములు పట్టును. ఒకచోట ధూళి పడినను పోవునది చిన్న వడియమే. అట్లే ఏటేట చిప్పును చిన్నది చేసి ఖర్చు తగ్గించుకొనుచుండిరి. ఇపుడా చిన్నది చేయు విద్యయే మిక్కిలి ఖరీదైనది. మీదుమిక్కిలి సుంకములు హెచ్చినవి. కృత్రిమమేధకై కట్టు పెద్ద కంప్యూటరుశాలలు మెమరీ చిప్పులను తామే కొనుచుండుటచే 2025 చివరనుండి వాని ధర మండినది.

అందుచేత ముసలి యంత్రముల వెలలును పెరుగుచున్నవి. ప్లేస్టేషన్ 5 మన దేశమున 2021 ఫిబ్రవరి 2వ తేదీన 49,990 రూపాయలకు వచ్చి, మఱుసటి యేటి చివర 54,990 ఆయెను. 499 డాలర్లకు పుట్టిన ఎక్స్‌బాక్సు సిరీస్ ఎక్స్ అమెరికాలో 2025 అక్టోబరునకు 649 డాలర్లు దాటెను. తన వారసుడు వచ్చిన రెండు నెలలకు, 2025 ఆగస్టులో, నింటెండోవారి పాత స్విచ్ వెల సయితము అచ్చట పెరిగెను. కొన్నాళ్లాగినచో చవుకగా వచ్చునను మన పాత లెక్క ఇక్కడ చెల్లదు.

ఈ లక్షణములన్నియు చూచి మేము మూడు వాక్యములు వ్రాసికొంటిమి. ఇపుడున్నవానిలో ముందుగా ఆగునది పాత స్విచ్. అది 2017 మార్చి 3వ తేదీన పుట్టి, పదునైదు కోట్లు మించి అమ్ముడుపోయిన పూర్ణాయుష్మంతురాలు. దాని వారసుడు స్విచ్ 2 యను యంత్రము 2025 జూన్ 5వ తేదీన వచ్చి, నాలుగు నెలలు నిండకముందే కోటి దాటెను. పాత క్యాసెట్టులలో చాలవఱకు క్రొత్తదానిలో ఆడును గనుక ఈ ముగింపువలన కొన్నవారికి నష్టము తక్కువ.

దాని వెనుక ఆగునవి ఎక్స్‌బాక్సు సిరీస్ జంట. మైక్రోసాఫ్టువారి 360 పదేండ్లు మించి తయారైనది, ఎక్స్‌బాక్సు వన్ ఏడేండ్లు. సిరీస్ జంట పుట్టినది 2020 నవంబరులో. ఏడు కలుపగా 2027 వచ్చును. ప్లేస్టేషన్ 5 ఆగునది అన్నిటి వెనుక. సోనీవారి మొదటి ప్లేస్టేషను పదునొకండేండ్లు, రెండవది పదుమూడేండ్లకు కొంచెము తక్కువ, మూడవది పదేండ్లు మించి తయారైనవి. ఆ యింటి పిల్లలు దీర్ఘాయువులు. ఐదవది 2030వఱకైనను నిలుచునని మా లెక్క.

ఇది విని మా వారు, "చదువును చెఱచు పెట్టెకు ఆయువు తక్కువైనంత మేలు కదా, దానికి నీవు దీర్ఘాయుష్షు కోరుట యెందులకు?" అని నవ్విరి. మా పెద్దవాడు నవ్వలేదు. రెండు దినములు మాతో మాటాడలేదు. మూడవనాడు వాడే వచ్చి నోటుపుస్తకము తీసికొని మొదటినుండి చదివి, "అమ్మా, నీవొకటి విడిచితివి" అనెను. మైక్రోసాఫ్టువారు యంత్రము మార్చినను పాత ఆటలను క్రొత్తదానిలో ఆడనిత్తురు. సిరీస్ యంత్రములలో ఎక్స్‌బాక్సు వన్ ఆటలును, 360 ఆటలలో ననేకములును ఆడును. కావున దేహము పోయినను ఆట పోదు గదా యని వాని వాదము. ఈ వాదము గట్టిదే. మేము దానిని కాదనలేదు, వానిచేతనే పుస్తకమున వ్రాయించితిమి.

వాడే మఱియొక లక్షణమును గూడ చేర్చెను. ఏటేట వచ్చు బంతియాట ఒక యంత్రమునకు రాకపోయిననాడు దానికి నిజముగ సాయంకాలమని వాడనెను. చూడగా నిజమే. ప్లేస్టేషన్ 2 చేయుట 2013 జనవరిలో మానిరి. ఆ శరత్తున గూడ ఫీఫా 14 దానికి వచ్చెను. ప్లేస్టేషన్ 3 జపానులో 2017లో ఆగెను; ఫీఫా 19 దానికి 2018లో వచ్చెను. ఆట యంత్రముకంటె కొన్ని నెలలైనను ఎక్కువ బ్రదుకుచున్నది. 2013లో పుట్టిన ప్లేస్టేషన్ 4కు సయితము 2025లో ఆ బంతియాట వచ్చెను. ఇంటనున్న పాతదానిని తొందరపడి తీసివేయనక్కఱలేదని దీనివలన తెలియుచున్నది.

అప్పుడు మేము వానినొక ప్రశ్న అడిగితిమి. "నీవు కోరిన సిరీస్ ఎస్‌లో డిస్కు పెట్టు చోటున్నదా?" లేదనెను. ఆ చిన్న యంత్రమునకు ఆటలన్నియు ఇంటర్నెట్టు అంగడినుండియే రావలెను. డిస్కున్న ఆటను ప్రక్కింటి పిల్లవానికి వారము దినములు ఎరువీయవచ్చును, వానిది తెచ్చుకొనవచ్చును, విసుగు పుట్టినపుడు అమ్ముకొనవచ్చును. అంగడినుండి దించుకొన్న ఆటకు ఈ మూడును లేవు. అంగడి నిలిచియున్నంత కాలమే క్రొత్తవి వచ్చును. వాడు మా యక్కగారి కుమారుని సంగతి తానే యెత్తి, కొంతసేపు ఊరకుండెను. తుదకు వచ్చు సంక్రాంతివఱకు ఆగి, డిస్కు పెట్టుటకు వీలున్న ప్లేస్టేషన్ 5ను కొనుటకు ఒప్పుకొనెను. తక్కువపడు సొమ్ములో సగము తానే కూడబెట్టునట, సగము మేము వేయవలెనట. శనిపక్షమునందును ఆదివారమునందును తప్ప యాడరాదని వాని తండ్రిగారు పెట్టిన షరతునకు మాత్రము వాడింకను సంతకము చేయలేదు.

అంగడులు మూయుదుమను ప్రకటనను గూర్చి యొక మాట. నింటెండోవారు తమ 3డీఎస్ అను చేతియంత్రపు అంగడిని 2023 మార్చి 27వ తేదీన మూసిరి. ఆ సంగతి 2022 ఫిబ్రవరిలోనే చెప్పిరి. పరీక్షిన్మహారాజునకు ఏడుదినములే గడువుండగా ఆయన ఆ యేడుదినములలో భాగవతము విని కృతార్థుడాయెను. వీరిచ్చినది పదుమూడు నెలలు. కొన్నవానిని దించుకొనుటకును, కావలసినవి కొనుటకును అది చాలిన గడువే; వినువారుండవలెను. ఒక్కొక్కసారి కొన్నవారి మొఱయు ఫలించును. ప్లేస్టేషన్ 3, వీటా యంత్రముల అంగళ్లను మూయుదుమని సోనీవారు 2021 మార్చిలో ప్రకటించి, జనులు గట్టిగ నడుగగా ఏప్రిలులో ఆ మాటను వెనుకకు తీసికొనిరి.

కావున పిల్లలకు కన్సోలు కొనబోవు సోదరీమణులు దుకాణదారునొద్ద మూడు ప్రశ్నలు తప్పక అడుగవలెను. దీని వారసుడు వచ్చినదా? ఇందులో డిస్కు పట్టునా? చెడినచో మన యూరిలోనో దగ్గఱి పట్టణములోనో బాగుచేయువారెవరు? మూడింటికిని తిన్నని సమాధానము రానిచో ఆ దినమునకు ఇంటికి వచ్చివేయుటయే మంచిది. మఱునాడు ఆ సొమ్ము మనవద్దనే యుండును.

ఇంట నున్న పాత యంత్రమును అటకమీద పాఱవేయకుడు. చేతిలో పట్టుకొని యాడువానిలో బ్యాటరీ యుండును గనుక, ఆడకున్నను కొన్ని నెలలకొకసారి చార్జి పెట్టవలెను; బ్యాటరీ ఉబ్బినట్లు కనబడినచో వెంటనే వాడుట మాని, తీయుట తెలిసినవారిచేత తీయింపవలెను. టెలివిజనుకు తగిలించు పెద్దవానికి గాలి పోవు రంధ్రములలోని దుమ్మును మెత్తని కుంచెతో దులుపుట చాలును. మా నోటుపుస్తకపు కడపటి పుటలో మా మూడు వాక్యములక్రింద పెద్దవాడు తేదీ వేసి, 2028 సంక్రాంతినాడు తెఱచి చూడవలెనని వ్రాసియుంచినాడు. ఓడినవారు గెలిచినవారికి అరిసెలు చేసిపెట్టవలెనట.